పైలట్ ‘కుదరదు’ అంటే కుదరదనే!

పెళ్లికొడుకు హెలికాప్టర్‌లో దిగే రీల్ మీ ఫీడ్‌లోకి ఈ మధ్య ఒకటైనా వచ్చే ఉంటుంది. కింద మనోళ్ల కామెంట్లు కూడా మామూలే. ‘రేంజ్ అంటే ఇది’, ‘బ్రో, గంటకి ఎంత?’ అని. ఆ రెండో ప్రశ్నకి జవాబు గూగుల్ చేస్తే దొరికేస్తుంది. దొరకని ప్రశ్న ఇంకోటుంది. ఆ రోజు మబ్బు పట్టి, పైలట్ ‘సార్, ఇవాళ ఎగరలేం’ అంటే ఏం జరుగుతుంది? పెళ్లికొడుకు మామగారు ఊరుకుంటారా?

మామూలు విమానానికీ చార్టర్‌కీ అసలు తేడా ఇక్కడే ఉంది. శంషాబాద్‌లో ఇండిగో ఎక్కితే పైలట్ ఎవరో మీకు తెలీదు, మీరెవరో ఆయనకి తెలీదు. పొగమంచు వచ్చి ఫ్లైట్ నాలుగు గంటలు లేటయితే గేటు దగ్గరున్న సిబ్బంది మీద అరుస్తాం, ట్వీట్ పెడతాం, అంతే. మన అరుపు కాక్‌పిట్ దాకా వెళ్లదు. చార్టర్‌లో అలా కాదు. డబ్బు కట్టిన మనిషి పైలట్‌కి నాలుగడుగుల వెనకాలే కూర్చుంటాడు. పేరు పెట్టి పిలుస్తాడు. వచ్చే నెల మళ్లీ బుక్ చేసుకునేదీ ఆయనే, ‘ఆ పైలట్ వద్దు, వేరే వాణ్ని పంపండి’ అనేదీ ఆయనే. చిన్న విమానాల సేఫ్టీ రూల్స్ చదువుతుంటే నాకు ప్రతి పేజీలో ఇదే కనిపిస్తుంది. ఇంజన్, రెక్కలు, రన్‌వే అని ఏం రాసున్నా, వాటి వెనక ఉన్న అసలు పని ఒకటే: వెనక సీటు మనిషి నుంచి ముందు సీటు మనిషిని కాపాడటం.

అతిగా చెబుతున్నాననుకుంటే ఆస్పెన్ సంగతి వినండి.

2001 మార్చి 29. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నుంచి కొలరాడోలోని ఆస్పెన్‌కి ఒక గల్ఫ్‌స్ట్రీమ్-3 జెట్‌ని చార్టర్ తీసుకున్నారు. ఆస్పెన్ అంటే మంచు కొండల మధ్య డబ్బున్నవాళ్లు స్కీయింగ్‌కి వెళ్లే ఊరు. ఎయిర్‌పోర్ట్ చుట్టూ కొండలే. శబ్దం గోల వల్ల ఆ రకం జెట్ సూర్యాస్తమయం తర్వాత అరగంట లోపే అక్కడ దిగాలి. దాటితే పర్మిషన్ లేదు. ప్రయాణికులు లేటుగా వచ్చారు. విమానం 41 నిమిషాలు ఆలస్యంగా లేచింది. అంటే దిగడానికి చేతిలో ఉన్న టైమ్ అంతా అక్కడే కరిగిపోయింది. పైగా మంచు కురుస్తోంది. ముందు వెళ్లిన విమానాల్లో కొన్ని రన్‌వే కనపడక దిగలేక మళ్లీ పైకి లేచిపోయాయి.

ఆస్పెన్‌లో కుదరకపోతే పక్క ఊళ్లో దింపుతారేమో అన్న మాట ప్రయాణికుల చెవిన పడింది. చార్టర్ తీసుకున్నాయనకి అది నచ్చలేదు. ఆ అసంతృప్తి ఫోన్ మీద కంపెనీకి, అక్కణ్నుంచి కెప్టెన్‌కి చేరింది. ఆఖరి నిమిషాల్లో ఒక ప్రయాణికుడు కాక్‌పిట్‌లోని ఖాళీ సీట్లో వచ్చి కూర్చున్నాడని వాయిస్ రికార్డర్ చెప్పింది. ఆ కెప్టెన్ బుర్రలో ఏం నడుస్తుందో ఊహించుకోండి. రన్‌వే కనపడకుండానే, దిగకూడని ఎత్తు కంటే కిందికి దిగారు. కొండవాలుకి తగిలారు. విమానంలో ఉన్న 18 మందీ పోయారు.

అమెరికా ప్రమాదాల విచారణ సంస్థ ఎన్‌టీఎస్‌బీ తన రిపోర్టులో ప్రధాన కారణం సిబ్బంది నిర్ణయమే అంది. దానికి తోడైన కారణాల్లో మాత్రం ఒక మాట స్పష్టంగా రాసింది: కస్టమర్ నుంచి కెప్టెన్ మీద పడిన ఒత్తిడి. విమాన ప్రమాదం రిపోర్టులో ‘కస్టమర్’ అన్న మాట ఒక కారణంగా కనిపించడం అరుదు. కెప్టెన్‌కి ఏళ్ల అనుభవం ఉంది. విమానంలో లోపం లేదు. కంపెనీకి లైసెన్స్ ఉంది. లేనిదల్లా ‘ఇవాళ కుదరదు, పక్క ఊళ్లో దింపుతా, కారులో వెళ్లండి’ అని గట్టిగా చెప్పగలిగే వాతావరణం.

ఇప్పుడు రూల్స్ సంగతికి వద్దాం. బోర్ కొట్టకుండా చెప్పడానికి ప్రయత్నిస్తా.

మొదటి రూల్, అన్నిటికన్నా పెద్దది: సొంతానికి ఎగరడం వేరు, డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకోవడం వేరు. మీ సొంత బైక్ మీద ఫ్రెండ్‌ని దింపడానికీ ట్యాక్సీ నడపడానికీ తేడా ఉంటుంది కదా. పసుపు బోర్డు, బ్యాడ్జి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. గాల్లో కూడా అంతే. మన దేశంలో డబ్బు తీసుకుని చార్టర్ నడపాలంటే డీజీసీఏ దగ్గర నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ తీసుకోవాలి. వాడుకలో ఎన్ఎస్ఓపీ అంటారు. ప్రైవేట్ కేటగిరీలో రిజిస్టరైన విమానంలో పైసా తీసుకుని ఎవర్నీ ఎక్కించకూడదు. అమెరికాలో ఇదే తేడాని నంబర్లతో చెబుతారు. సొంతానికైతే పార్ట్ 91, చార్టర్‌కైతే పార్ట్ 135.

పర్మిట్ అంటే కాగితమే కదా అనుకోవద్దు. ఆ కాగితం వెనక చాలా బరువుంది. పైలట్ ఆ రకం విమానం మీద ట్రైనింగ్ అయ్యాడా, టెస్టులు టైమ్‌కి పాసవుతున్నాడా అని కంపెనీ చూస్తూ ఉండాలి. రోజుకి ఎన్ని గంటలు ఎగరాలో లెక్క ఉంటుంది. అమెరికా చార్టర్లలో ఒక్క పైలటే ఉంటే 24 గంటల్లో 8 గంటలు, ఇద్దరుంటే 10 గంటలు మామూలు పరిమితి. మన దేశంలో మందు తాగాక కనీసం 12 గంటలు గడవకుండా పైలట్ డ్యూటీ ఎక్కకూడదు. బ్రెత్ అనలైజర్‌లో సున్నా రావాల్సిందే. అమెరికాలో ఆ గ్యాప్ 8 గంటలే. ఈ ఒక్క విషయంలో మనమే స్ట్రిక్టు.

నాకు బాగా నచ్చిన రూల్ ఇంకోటుంది. అమెరికాలో చార్టర్ తిప్పే పెద్ద జెట్‌లు బయల్దేరే ముందే ఒక లెక్క వేసుకోవాలి. దిగబోయే రన్‌వే పొడవులో 60 శాతం లోపే విమానం ఆగిపోగలదని కాగితం మీద తేలాలి. మిగతా 40 శాతం తప్పులకి వదిలిపెట్టిన స్థలం. కొంచెం స్పీడు ఎక్కువైంది, కొంచెం ముందుకెళ్లి టైర్లు తాకాయి, రన్‌వే తడిగా ఉంది... ఇలాంటివన్నీ ఆ 40లో సర్దుకుంటాయి. అదే జెట్‌లో ఓనరు తన సొంతానికి వెళ్తే ఈ లెక్క తప్పనిసరి కాదు. తన ప్రాణం తన ఇష్టం, డబ్బు కట్టినవాడి ప్రాణం విషయంలో మాత్రం అలా కుదరదు అన్నమాట.

ఈ రూల్స్ అన్నిటికీ ఖర్చవుతుంది. అందుకే దొడ్డిదారులు పుట్టాయి. పర్మిట్ లేనివాళ్లు, ‘తెలిసినవాళ్ల విమానం ఉంది, సగం రేటుకే’ అని తెచ్చే ట్రిప్పులకి విదేశాల్లో గ్రే చార్టర్ అని పేరు. మనూళ్లో సొంత కారుని ‘ఓన్ బోర్డ్’ మీద కిరాయికి తిప్పినట్టే. కారు దారిలో ఆగిపోతే రోడ్డు పక్కన నిలబడి ఇంకో బండి ఎక్కొచ్చు. విమానానికి రోడ్డు పక్క అంటూ ఉండదు.

ఫుట్‌బాల్ ఫాలో అయ్యేవాళ్లకి ఎమిలియానో సాలా పేరు గుర్తుంటుంది. అర్జెంటీనా స్ట్రైకర్, వయసు 28. 2019 జనవరిలో ఫ్రాన్స్‌లోని నాంట్ క్లబ్ నుంచి వేల్స్‌లోని కార్డిఫ్ సిటీకి 15 మిలియన్ పౌండ్లకి మారాడు. అంత రేటు పలికిన ఆటగాణ్ని ఎక్కించిన విమానం ఏంటో తెలుసా? ఒకే ఇంజన్ ఉన్న పైపర్ మాలిబు.

జనవరి 21న పొద్దున్నే బయల్దేరాల్సింది. పాత టీమ్‌మేట్స్‌కి గుడ్‌బై చెప్పాలని సాలా కోరడంతో ప్రయాణం సాయంత్రానికి మారింది. మనకది చాలా మామూలు కోరికలా అనిపిస్తుంది. ‘కొంచెం లేటుగా వెళ్దాం’ అని క్యాబ్ డ్రైవర్‌కి చెప్పినట్టే. కానీ ఆ ఒక్క మార్పుతో పగటి ప్రయాణం కాస్తా రాత్రి ప్రయాణం అయింది. ఆ పైలట్‌కి రాత్రి ఎగిరే అర్హత లేదు. డబ్బు తీసుకుని ప్రయాణికుల్ని తిప్పే కమర్షియల్ లైసెన్స్ లేదు. ఆ రకం విమానం నడిపే రేటింగ్ గడువు కూడా అంతకు రెండు నెలల ముందే, 2018 నవంబర్‌లో అయిపోయింది. పర్మిట్ ఉన్న కంపెనీలో ఇలాంటి పైలట్ గేటు దగ్గరే ఆగిపోతాడు. ఎవరో ఒకరు ఫైల్ తెరిచి చూస్తారు కాబట్టి. ఇక్కడ ఫైలే లేదు.

విమానం ఎక్కాక సాలా తన ఫ్రెండ్స్‌కి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఈ విమానం ఊడిపోయేలా ఉంది, భయమేస్తోంది అని. సరదాగా అన్నాడో నిజంగానే భయపడ్డాడో వినేవాళ్లకి అప్పుడు తెలీదు. ఇంగ్లిష్ చానెల్ మీద, గెర్న్‌జీ దీవి దగ్గర విమానం రాడార్ నుంచి మాయమైంది. రెండు వారాల తర్వాత సముద్రం అడుగున శకలాలు, అందులో సాలా దొరికారు. పైలట్ ఇప్పటిదాకా దొరకలేదు.

బ్రిటన్ విచారణ సంస్థ ఇంకో విషయం కూడా బయటపెట్టింది. సాలా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదకర స్థాయిలో ఉంది. ఇంజన్ పొగ క్యాబిన్‌లోకి లీకై ఉంటుంది, పైలట్ మీద కూడా దాని ప్రభావం పడి ఉంటుందని తేల్చారు. రంగూ వాసనా లేని ఆ గ్యాస్‌ని పట్టుకుని అరిచే చిన్న డిటెక్టర్ కొనడానికి పెద్ద ఖర్చేం కాదు. ఆ విమానంలో అలాంటిది పనిచేస్తూ ఉన్న దాఖలా లేదు.

ఈ ట్రిప్ ఏర్పాటు చేసిన వ్యక్తి మీద కేసు నడిచింది. ఆయన తనే నడపాల్సింది, కుటుంబంతో వేరే ఊళ్లో ఉండి ఈ పైలట్‌కి అప్పజెప్పాడు. పైగా ఈ పైలట్‌ని ఇక వాడొద్దని విమానం చూసుకునేవాళ్లు అంతకుముందే చెప్పారని కోర్టులో బయటపడింది. 2021లో కోర్టు 18 నెలల జైలు శిక్ష వేసింది. సాలా వైపు నుంచి చూడండి. అతను విమానం బుక్ చేయలేదు, రేటు మాట్లాడలేదు. ఎవరో ఏర్పాటు చేశారు, ఎక్కాడు. మనలో చాలామంది ఎక్కేది కూడా ఇలాగే. కంపెనీ పంపిందనో, ఈవెంట్ వాళ్లు పంపారనో, పార్టీ ఆఫీసు పంపిందనో.

సరే, పర్మిట్ ఉంది, పైలట్ మంచివాడు, కస్టమర్ కూడా ఒత్తిడి చేయలేదు. అప్పుడైనా గ్యారెంటీనా? కోబీ బ్రయంట్ కేసు ఈ ప్రశ్న దగ్గరే మనల్ని ఆపేస్తుంది.

2020 జనవరి 26న లాస్ ఏంజెలెస్ దగ్గర కలబాసస్ కొండల్లో ఆయన హెలికాప్టర్ కూలి, 13 ఏళ్ల కూతురు జియానాతో సహా తొమ్మిది మంది చనిపోయారు. ఆ కంపెనీకి చార్టర్ పర్మిట్ ఉంది. కానీ కళ్లతో నేలని చూస్తూ ఎగరడానికి మాత్రమే. దీన్ని విజువల్ ఫ్లైట్ రూల్స్ అంటారు. మబ్బులోకి వెళ్లి మీటర్లు చూసుకుంటూ ఎగిరే అనుమతి కంపెనీకి లేదు. పైలట్‌కి ఆ శిక్షణ ఉంది, కంపెనీకి పర్మిషన్ లేదు. అంటే మబ్బు కనపడగానే వెనక్కి తిరగాలి, లేదా ఎక్కడో ఒక చోట దిగాలి.

ఆయన మబ్బులోకి వెళ్లారు. బయట ఏమీ కనపడనప్పుడు చెవి లోపలి బ్యాలెన్స్ మనిషిని దారుణంగా మోసం చేస్తుంది. పైకి వెళ్తున్నామనిపిస్తుంది, నిజానికి కిందికి దిగుతూ ఉంటాం. 4 వేల అడుగులకి ఎక్కుతున్నానని పైలట్ కంట్రోలర్‌కి చెప్పారు. ఆ సమయానికి హెలికాప్టర్ పక్కకి తిరుగుతూ కిందికి దూసుకుపోతోంది.

ఎన్‌టీఎస్‌బీ ఏం తేల్చిందంటే, ‘వెళ్లాల్సిందే’ అని కోబీ గానీ, ఆయన మనుషులు గానీ అన్న ఆధారం లేదు. పైలట్ తన మీద తనే ఒత్తిడి పెట్టుకున్నారు. పెద్ద స్టార్, చాలాకాలంగా తెలిసిన మనిషి, కూతురు మ్యాచ్‌కి వెళ్తున్నాడు, నిరాశపరచకూడదు అన్న ఆలోచన. కంపెనీ కూడా సేఫ్టీ విషయంలో సరైన పర్యవేక్షణ పెట్టలేదని రాసింది. నాకైతే ఇది ఆస్పెన్ కంటే భయంకరంగా అనిపిస్తుంది. ఆస్పెన్‌లో కస్టమర్ అసంతృప్తి కనీసం పైకి తెలిసింది. ఇక్కడ ఎవరూ నోరు విప్పలేదు. స్టార్ అనే మాటే బరువైపోయింది. కాబట్టి చార్టర్ తీసుకున్నవాళ్లు ‘మేమేం బలవంతపెట్టలేదే’ అని ఊరుకుంటే సరిపోదు. బయల్దేరే ముందే నోరు తెరిచి ‘సార్, వాతావరణం బాలేకపోతే వెనక్కి వచ్చేద్దాం, మాకేం ఇబ్బంది లేదు’ అనాలి. ఖర్చు లేని సేఫ్టీ పరికరం అది.

మన గడ్డ మీద ఈ కథలు తక్కువేం లేవు. సౌందర్యని మీరు రీల్స్‌లో, పాత పాటల్లో చూసుంటారు. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారం కోసం కరీంనగర్‌కి బెంగళూరు జక్కూరు నుంచి బయల్దేరారు. సెస్నా 180, ఒకే ఇంజన్, నాలుగు సీట్లు. లేచిన కొద్దిసేపటికే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో కూలిపోయింది. అన్నయ్యతో సహా నలుగురూ పోయారు. దానికి రెండేళ్ల ముందు, 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి భీమవరం నుంచి ఉదయాన్నే ఒక ప్రైవేట్ హెలికాప్టర్‌లో బయల్దేరారు. ఒకే ఇంజన్ బెల్ 206, ఒకే పైలట్. చూపు సరిగా ఆనని వాతావరణంలో కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. ముగ్గురు చనిపోయారు. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, ఆ రోజు ఎక్కడున్నారో చెబుతారు.

వీఐపీలు ఎక్కే వాటికి రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు ఉండాలి, సిబ్బంది మీద ఒత్తిడి తేకూడదు అని డీజీసీఏ మార్గదర్శకాలున్నాయి. ఎన్నికలొచ్చినప్పుడల్లా పార్టీలకీ ఆపరేటర్లకీ ఇవి గుర్తుచేస్తూనే ఉంటారు. అయితే రెండు ఇంజన్లుంటే మబ్బు భయపడి పక్కకి పోదు. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో కూలిన వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ చార్టర్ కాదు, ప్రభుత్వానిదే. రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు ఉన్నారు. అడవి మీద చెడ్డ వాతావరణంలోకి వెళ్లి, బలమైన కిందిగాలి దెబ్బకి అదుపు తప్పిందని విచారణ కమిటీ చెప్పింది.

అందరూ బతికిన కథ కూడా ఒకటుంది. 2023 సెప్టెంబర్ 14న మన వైజాగ్ నుంచి ముంబైకి వెళ్లిన ఒక లియర్‌జెట్ 45 చార్టర్, కుండపోత వానలో దిగుతూ రన్‌వే పక్కకి వెళ్లి విరిగిపోయింది. ఆ టైమ్‌కి ముంబైలో కనపడే దూరం 700 మీటర్లే. ఆరుగురు ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు ప్రాణాలతో బయటపడ్డారు. ఆ వీడియో చూసినవాళ్లెవరికైనా ఇది ఎంత అదృష్టమో అర్థమవుతుంది.

బరువు సంగతి చెప్పకపోతే ఈ కాలమ్ పూర్తికాదు. చిన్న విమానం ఎక్కేటప్పుడు మీ బరువు అడుగుతారు. కొందరు కంపెనీ వాళ్లు మెషిన్ మీదే నిలబెడతారు. మనవాళ్లకి అది పరువు సమస్య. ‘72 రాసుకోండి’ అంటాం, ఉండేది 84. నూటయాభై మంది ఎక్కే విమానంలో మీ పన్నెండు కిలోలు లెక్కలోకి రావు. నలుగురు ఎక్కే దాంట్లో నలుగురూ అలాగే చెప్పి, తలా ఒక పెద్ద సూట్‌కేసు పెడితే కథ మారిపోతుంది. మొత్తం బరువు ఒక్కటే కాదు, ఆ బరువు ఎక్కడుందన్నదీ ముఖ్యమే. వెనకవైపు ఎక్కువైతే ముక్కు పైకి లేస్తుంది, రెక్కల మీద గాలి పట్టు తప్పుతుంది. ఆటో వెనకాల బస్తాలు ఎక్కువేస్తే ముందు చక్రం తేలిపోవడం చూశారు కదా, అదే.

2001 ఆగస్టు 25న అమెరికన్ పాప్ సింగర్ ఆలియా, 22 ఏళ్ల అమ్మాయి, బహామాస్‌లో మ్యూజిక్ వీడియో షూటింగ్ ముగించుకుని సెస్నా 402 ఎక్కింది. పైలట్‌తో కలిపి తొమ్మిది మంది, షూటింగ్ సామాన్లు. ఇంటికి వెళ్లాలన్న తొందర. విమానం ఉండాల్సిన బరువు కంటే వందల పౌండ్లు ఎక్కువుంది, బరువు వెనక్కి జరిగిపోయి ఉంది. బరువు గురించి ఎక్కే ముందే పైలట్‌కీ వాళ్లకీ వాదన జరిగిందని అప్పట్లో వార్తలొచ్చాయి. లేచిన వెంటనే కూలింది, ఎవరూ మిగల్లేదు. ఆ కంపెనీ చార్టర్ పర్మిట్ కింద ఆ విమానం నడపడానికి ఆ పైలట్‌కి అనుమతి లేదని, ఆయన ఒంట్లో కొకైన్, ఆల్కహాల్ ఆనవాళ్లున్నాయని తర్వాత తేలింది. ఇందాక చెప్పుకున్న రూల్స్ చాలావరకు ఒక్క ట్రిప్పులోనే గాలికి పోయాయి. వాటిలో ప్రయాణికుల చేతిలో ఉన్నది ఒక్కటే. ఇంకో ట్రిప్‌లో సామాను పంపిద్దాం అని ఒప్పుకోవడం.

మనలో చార్టర్ జెట్ బుక్ చేసేవాళ్లు తక్కువే. కానీ కేదార్‌నాథ్ వెళ్లే అమ్మానాన్నలకి ఫోన్‌లో హెలికాప్టర్ టికెట్ తీసేది మనమే కదా. అవి కూడా ఈ చిన్న ఆపరేటర్లు నడిపేవే. ఎక్కువ భాగం ఒకే ఇంజన్, ఒకే పైలట్. లోయలో పది నిమిషాల్లో వాతావరణం మారిపోతుంది. 2025 మే 8న ఉత్తరకాశీ జిల్లాలో గంగోత్రి దారిలో ఒక బెల్ 407 కూలి ఆరుగురు పోయారు, వారిలో మన ఆంధ్రప్రదేశ్ వాళ్లు కూడా ఉన్నారు. జూన్ 15న గౌరీకుండ్ దగ్గర ఇంకోటి. ఏడుగురు. అందులో రెండేళ్లు కూడా నిండని పాప. ఆ ఆపరేటర్‌కి ఇచ్చిన మొదటి స్లాట్ ఉదయం 6 గంటల తర్వాతైతే, అంతకుముందే, మబ్బులు కమ్మి ఉండగానే హెలికాప్టర్ లేచిందని పోలీసు కేసులో రాశారు. కింద హెలిప్యాడ్ దగ్గర వందల మంది క్యూలో నిలబడి ‘మా నంబర్ ఎప్పుడు’ అని అడుగుతూ ఉంటారు. అది కూడా కస్టమర్ ఒత్తిడే. పెద్ద మనిషి ఒక్కడు ఫోన్ చేసి అరవక్కర్లేదు, క్యూ చాలు.

కేదార్‌నాథ్ టికెట్‌కి ఐఆర్‌సీటీసీ నడిపే హెలీయాత్ర సైటే అధికారికం. గూగుల్‌లో పైన కనపడే యాడ్, వాట్సాప్‌లో క్యూఆర్ పంపే ‘ఏజెంట్’, ఇవన్నీ చాలావరకు మోసాలే. డబ్బు పోవడం ఒక్కటే అనుకుంటే సరే. ఇంకో సమస్య కూడా ఉంది. టికెట్ ఎవరిస్తున్నారో తెలీకపోతే ఎగరేసేది ఎవరో కూడా తెలీదు. రిటర్న్ రైలు టికెట్ హెలికాప్టర్ రోజునే పెట్టుకోవద్దు. మధ్యలో కనీసం రెండు రోజులు వదలండి. అప్పుడు ‘ఇవాళ ఎగరవు’ అంటే అమ్మ కంగారుపడదు, కౌంటర్ దగ్గర గొడవపడదు. ఇంకో పూట గుప్తకాశీలో టీ తాగుతూ కూర్చుంటుంది.

పెళ్లికో షూటింగ్‌కో నిజంగానే చార్టర్ మాట్లాడుతుంటే అడగాల్సినవి పెద్దగా ఏం లేవు. ఏ కంపెనీ పర్మిట్ మీద ఎగురుతోంది, ఆ పేరు డీజీసీఏ సైట్‌లో పెట్టిన ఎన్ఎస్ఓపీ జాబితాలో ఉందా అని చూడండి. మధ్యలో ఉన్న బ్రోకర్ పేరు కాదు, ఆపరేటర్ పేరు కావాలి. విమానం మీద వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ముందే అడిగి, ఆ రోజు వచ్చింది అదేనా అని చూసుకోండి. ఎంతమంది పైలట్లు, ఎన్ని ఇంజన్లు అని అడగండి. రేటు మార్కెట్లో సగముంటే ఆ సగం ఎక్కడ మిగిల్చారో కూడా అడగండి. ఈ ప్రశ్నలకి విసుక్కునే ఆపరేటర్‌ని అక్కడే వదిలేయండి. మంచివాళ్లు విసుక్కోరు, ఇంకా సంతోషిస్తారు.

అగ్రిమెంట్‌లో ఒక లైన్ తప్పకుండా చూసుకోండి. వాతావరణం వల్ల ట్రిప్ రద్దయితే డబ్బు సంగతేంటి? వెనక్కి ఇస్తారా, వేరే రోజుకి మారుస్తారా? ఇది ముందే తేల్చుకుంటే, ఆ రోజు పొద్దున పైలట్ మబ్బు వైపు చూస్తున్నప్పుడు మీ లక్షల గురించి ఆలోచించాల్సిన పని ఆయనకీ ఉండదు, మీకూ ఉండదు. తిరుగు ప్రయాణం చీకటి పడకముందే పెట్టుకోండి. ఇలాంటి హెలిప్యాడ్ ట్రిప్పులు సాధారణంగా పగటిపూటవే. ఫొటోగ్రాఫర్ ‘ఇంకో షాట్ సార్, గోల్డెన్ అవర్’ అంటూ సాగదీస్తే సాలా కథ చెప్పండి.

ఇక ముహూర్తం ఉదయం 9.12కి అయితే హెలికాప్టర్ ఎంట్రీ 8.50కి పెట్టుకోకండి. ముందురోజు సాయంత్రం ఎదుర్కోలుకి పెట్టుకోండి, రీల్ కూడా బాగా వస్తుంది. అయినా సరే, ఒక ఇన్నోవాకి డీజిల్ కొట్టించి విడిదింటి ముందు ఉంచండి. పైలట్ వచ్చి ‘కుదరదండీ’ అంటే పెళ్లికొడుకుని అందులో ఎక్కించండి. పైలట్‌ని కూడా భోజనానికి పిలవండి.